గోడకెక్కిన గ్రాఫు

ఆ ఏడాది డైరీలో ప్రతి పేజీకీ ఎడమ పక్క పైన ఒక అంకె ఉంటుంది. అరవై, యాభై ఆరు, మళ్లీ అరవై, యాభై రెండు. అది నా నాడి కాదు. తార్నాకలో నాతో పాటు ఒకే గదిలో అద్దెకున్న స్నేహితుడిది. పొద్దున అతను కళ్లు తెరిచాక, మంచం దిగకముందే మణికట్టు పట్టుకుని నేను లెక్కపెట్టిన అంకె. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసేవాణ్ణి. మాకు నేర్పిన పద్ధతి అదే.

పందొమ్మిదివందల అరవైల చివరి మాట. యూనివర్సిటీలో మేమిద్దరం వ్యాయామ విద్యలో ఏడాది డిప్లొమా చేస్తున్నాం. బయటివాళ్లకు అది ఈల ఊదడం నేర్పే చదువు. నిజానికి మధ్యాహ్నమంతా తరగతిలోనే ఉండేవాళ్లం. ఎముకల పేర్లు, కండరాల పని, గుండె, ఊపిరితిత్తులు, కబడ్డీ కోర్టు కొలతలు, బెణికిన కాలికి కట్టు కట్టడం. పొద్దుట మాత్రం గ్రౌండు. శరీర ధర్మాలు చెప్పే మాస్టారు అంతకుముందు సైన్యంలో పనిచేసి వచ్చారు. ఆయన దగ్గర ఒక స్టాప్ వాచీ ఉండేది. కాలేజీ మొత్తానికి అదొక్కటే.

నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చాను. మా నాన్న మిషన్ స్కూల్లో ఉపాధ్యాయుడు. ఏ ఆటలోనూ నేను గొప్పవాణ్ణి కాను, కానీ చెప్పింది చెప్పినట్టు రాసుకునేవాణ్ణి. నా స్నేహితుడిది నల్లగొండ వైపు, సేద్యం చేసుకునే కుటుంబం. నాకన్నా రెండేళ్లు పెద్ద. మైలు పరుగులో మా బ్యాచిలో అతన్ని అందుకునేవాడు లేడు. ఎప్పుడూ పుస్తకం పట్టుకుని ఉంటానని నన్ను ‘పంతులూ’ అనేవాడు. నేను బదులుగా ‘పటేలా’ అనేవాణ్ణి.

అతనికి వాళ్ల అన్న ఒక్క సంవత్సరమే గడువిచ్చాడు. ఆ సంవత్సరంలో డ్రిల్లు మాస్టారు కావాలి, లేకపోతే తిరిగి వచ్చి నాగలి పట్టాలి. డిప్లొమా ఉన్నా పోస్టింగులు ఆలస్యమయ్యేవి. యూనివర్సిటీ తరఫున పరుగెత్తినట్టు సర్టిఫికెట్టు ఉంటే మాత్రం ముందు పిలిచేవారు. అందుకని ఫిబ్రవరి చివర జరిగే జట్టు ఎంపిక పరుగు మీదే అతని ఆశంతా.

డిప్లొమాకు ప్రతి విద్యార్థీ ఒక రికార్డు ఇవ్వాలి. ఒక మనిషికి అయిదు నెలలు శిక్షణ ఇప్పించి, అతని శరీరంలో వచ్చిన మార్పును అంకెల్లో చూపాలి. నేను అతన్ని ఎంచుకున్నాను.

మొదటి వారం రోజూ గొడవే.

“ఏంది పంతులూ, ఇంకా నిద్ర లేవలే, అప్పుడే చెయ్యి పడ్తివి. పెండ్లిచూపులా?”

“మాట్లాడకు. మాట్లాడితే నాడి పెరుగుతుంది.”

“నువ్వు పట్టుకుంటేనే పెరుగుతది. నీ చెయ్యి మంచుగడ్డ లెక్క ఉన్నది.”

తర్వాత అలవాటైపోయింది. కళ్లు మూసుకునే చెయ్యి చాపేవాడు.

అక్టోబరులో అరవై. డిసెంబరులో యాభై రెండు. సంక్రాంతి సెలవులకు ఇద్దరం ఊళ్లకు పోలేదు. ఆ వారంలో మొదటిసారి నలభై ఎనిమిది వచ్చింది. పుస్తకంలో చదివాం కదా, బాగా శిక్షణ పొందిన పరుగువీరుడి గుండె నెమ్మదిగా కొట్టుకుంటుందని. అంకె తగ్గిన ప్రతిసారీ నాకు సంతోషంగా ఉండేది. డైరీలో దాని కింద ఎర్ర సిరాతో గీత గీశాను.

బెంచీ పరీక్ష కూడా ఉండేది. మోకాలెత్తు బెంచీ మీదికి అయిదు నిమిషాలు ఆగకుండా ఎక్కి దిగాలి, దిగగానే నాడి చూడాలి. మా అందరికీ నూట యాభై, నూట అరవై దాకా వచ్చేది. అతనికి ఎనభై. రెండోసారి చేయించాను. డెబ్భై ఆరు.

“వీనికి గుండె ఉన్నదా, గోడగడియారం పెట్టిన్రా?” అన్నాడు మా బ్యాచిలో ఒకడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు కానీ బెంచీ మీదే కూర్చుండిపోయాడు.

పొద్దుటి అంకెలతో నేను గీసిన గ్రాఫు మాస్టారు చూశారు. తర్వాత దాన్ని పెద్ద కాగితం మీద మళ్లీ గీయించి తరగతి గోడకు అంటించారు. “చూడండి. శిక్షణ అంటే ఇదీ,” అన్నారు. ఆ కాలేజీలో నా పని ఒకటి గోడకెక్కడం అదే మొదలు.

ఆ గ్రాఫు గోడ మీద ఉండగానే అతని మైలు టైము పెరగడం మొదలైంది. నవంబరులో అయిదు నిమిషాల లోపు పరుగెత్తినవాడు జనవరి చివరికి అయిదుంపావు, తర్వాత అయిదున్నర. మాస్టారికి కోపం వచ్చింది. “నాడి రోజురోజుకీ బాగుపడుతోంది. టైము ఎందుకు పాడవుతోంది? ఒంట్లో ఏ లోపమూ లేదు. ఇది బద్ధకం,” అని గోడ వైపు చూపించారు. రోజూ ఇంకో రెండు రౌండ్లు ఎక్కువ పరుగెత్తమన్నారు. అతను పరుగెత్తాడు.

ఒకరోజు గ్రౌండు నుంచి తార్నాక వస్తూ దారిలో రాతి గుండు మీద కూలబడ్డాడు.

“పంతులూ, కండ్లు తిరుగుతున్నయి. మెట్లెక్కుతాంటే గుండె ఒక్కపారి ఆగి మళ్ల కొడుతున్నట్టుంటది.”

నేను సంచిలోంచి డైరీ తీశాను. ఆ రోజు అంకె నలభై నాలుగు. “చూడు పటేలా. పెద్ద పెద్ద పరుగువీరులకే ఇంత తక్కువ ఉంటుంది. పుస్తకంలో రాశారు.”

“పుస్తకంల ఉన్నోణ్ని నేను గాదు గదా.”

“అంకె అబద్ధం చెప్పదు.”

అతను కాసేపు కూర్చుని లేచాడు. నా మాట నమ్మాడు. రాసుకునేవాడి మాట కదా.

మాకు గది అద్దెకిచ్చిన ఆవిడ గుంటూరు నుంచి వచ్చిన బడి పంతులమ్మ. ఆదివారం చర్చికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లేది. ఒక ఆదివారం దారిలో అడిగింది. “అబ్బాయ్, ఆ పిల్లాడి పెదాలు చూశావా? నిన్న బావిలోంచి రెండు బకెట్లు తోడేసరికి నల్లబడిపోయినయి. ఓసారి ఆసుపత్రిలో చూపించగూడదూ?”

ఆమెకు నేను నాడి సిద్ధాంతమంతా వివరించాను. ఆమె ఓపిగ్గా విని, “ఏమో నాయనా, మీరు చదువుకుంటున్నారు,” అంది.

ఎంపిక పరుగు పొద్దున ఆరున్నరకు. ఆ రోజు కూడా మంచం మీదే నాడి చూశాను. నలభై. ఇంతకన్నా మంచి శకునం లేదనుకున్నాను, అతనితో అన్నాను కూడా. రెండు రౌండ్లు అందరితో సమంగా వెళ్లాడు. మూడో రౌండు మలుపులో వేగం తగ్గి, ఎవరో పిలిచినట్టు ట్రాకు పక్కకు వచ్చి, మోకాళ్ల మీద పడి, ఆ తర్వాత బోర్లా పడిపోయాడు. మిగతావాళ్లు పరుగు పూర్తి చేశారు. మాస్టారు, నేను అతన్ని ఆఫీసు జీపులో ఆసుపత్రికి తీసుకుపోయాం. దారిలోనే తెలివి వచ్చింది. మొదట అడిగింది ఎవరు గెలిచారని.

డాక్టరు నాకన్నా పదేళ్లు పెద్దవాడై ఉంటాడు. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి నిమిషం నిండా లెక్కపెట్టాడు. ముప్పై ఆరు. చేతులు పైకెత్తి దించమని పదిసార్లు చేయించి మళ్లీ లెక్కపెట్టాడు. ముప్పై ఎనిమిది. గుండె కొట్టుకునే తీరు గీసే యంత్రం మీద కాగితం తీయించాడు. గుండె పై గదులు చెప్పేది కింది గదులకు అందడం లేదని, కింది గదులు తమ ఇష్టం వచ్చినట్టు నెమ్మదిగా కొట్టుకుంటున్నాయని చెప్పాడు.

“ఎప్పటి నుంచి ఇలా ఉంది?”

నేను రికార్డు పుస్తకం ఇచ్చాను. ఆయన పేజీలన్నీ తిప్పాడు. బెంచీ పరీక్ష పేజీ దగ్గర ఆగాడు.

“ఎక్కి దిగాక కూడా ఎనభై దాటలేదు. అనుమానం రాలేదా?”

“శిక్షణ పొందినవారికి తక్కువ ఉంటుందని...”

“పడుకున్నప్పుడు తక్కువ ఉంటుంది. అంత కష్టపడ్డాక ఎవరికైనా పెరగాలి. పెరగలేదంటే గుండెకు పెరిగే శక్తి లేదన్నమాట.” పుస్తకం మూసి నా చేతిలో పెట్టాడు. “అయిదు నెలలు అన్నీ రాశావు. ఒక్క రోజు ఇక్కడికి తీసుకురావలసింది.”

కష్టపడ్డాక నాడి పెరగాలన్న ఆ మాట మా పాఠ్యపుస్తకంలోనూ ఉంది. గదికి వచ్చి చూశాను. దాని కింద ఎప్పుడో నేనే పెన్సిలుతో గీత గీసుకున్నాను.

మందు లేదన్నారు. బయటి దేశాల్లో గుండెకు ఏదో యంత్రం అమరుస్తున్నారట, ఇక్కడ అప్పటికి రాలేదు. పరుగు, బరువు, ఎక్కుడు దిగుడు పనికిరావన్నారు. కాలేజీ వైద్య కారణాల మీద అతని పేరు తీసేసింది. వారానికి వాళ్లన్న వచ్చాడు. గదిలో కింద కూర్చుని, తమ్ముడు పెట్టె సర్దుకుంటుంటే చూస్తూ నన్నడిగాడు.

“తమ్మీ, నువ్వే గదా రోజు చెయ్యి వట్టి చూసెటోనివి. ఏమనిపియ్యలేదా?”

నా స్నేహితుడే అన్నాడు, “అన్నా, గాయనేమన్న డాక్టరా? పోనియ్యి.” నా వైపు చూడలేదు. ఆ రోజు నన్ను పంతులూ అని పిలవలేదు. పెట్టె నేను మోస్తానంటే అన్న వద్దన్నాడు. మెట్టుగూడ వైపు పోయే బస్సు ఎక్కేదాకా వెనకాల నడిచాను.

అతను ఆ తర్వాత రెండు వానాకాలాలు బతికాడు. నాగలి పట్టలేదు, పరుగెత్తలేదు. పొలం గట్టు మీద కూర్చుని కూలీలకు నీళ్లందించేవాడని వాళ్లన్న కార్డు రాశాడు. ఇంకో కార్డు రాసి పోయాడని తెలిపాడు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. వరస ప్రకారం ఇంకొకటి రాయవలసి ఉంది, అది అంతకన్నా ముందు జరిగింది.

ఏప్రిలులో ప్రాక్టికల్ పరీక్షలు. కొత్త మనిషితో కొత్త రికార్డు మొదలుపెట్టే వ్యవధి లేదు. మాస్టారు నన్ను గదిలోకి పిలిచి, “ఫిబ్రవరి మధ్య దాకా ఉన్నది ఇచ్చెయ్యి. తర్వాతది అవసరం లేదు,” అన్నారు. నాకు డిప్లొమా కావాలి. మా ఊరి మిషన్ స్కూల్లో నా కోసం ఒక ఉద్యోగం ఆపి ఉంచారు. శుభ్రంగా తిరగరాశాను. చివరి పేజీలో ‘శిక్షణ వల్ల విశ్రాంతి నాడి క్రమంగా తగ్గినది’ అని నిర్ణయం రాశాను.

పరీక్షకుడు వేరే యూనివర్సిటీ నుంచి వచ్చారు. గ్రాఫు రెండుసార్లు చూశారు.

“ఇంత చక్కటి వంపు నేను చూడలేదు. ఈ కుర్రాడెక్కడ? పిలిపించండి.”

“ఊరెళ్లాడు సార్,” అన్నాను.

“పరీక్షల్లోనా? ఎందుకు?”

మాస్టారు కిటికీ వైపు చూస్తున్నారు.

“ఇంటి కారణాలు సార్.”

“ఇలాంటివాణ్ణి పోనిస్తారా ఎవరైనా,” అని ఆయన తల ఊపి సంతకం చేశారు. మా బ్యాచిలో ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి. లేస్తూ లేస్తూ గోడ మీది పెద్ద గ్రాఫు చూశారు. అది ఇచ్చేస్తే తమ విద్యార్థులకు చూపించి పాఠం చెబుతానన్నారు. మాస్టారు నా వైపు చూశారు. నేను కుర్చీ ఎక్కి, మూలలు చిరగకుండా ఊడదీసి, చుట్టచుట్టి దారం కట్టి ఆయన చేతికిచ్చాను.