తప్పైందనే మాట కోసం

సూరత్ నవాగామ్‌లోని మా గల్లీలో బుచ్చవ్వ అంటే అందరికీ కాస్త జంకు. కుళాయి దగ్గర ఒకరి బిందె ఒకరు జరిపినా, ఒకరు ఆరేసిన చీర మీద ఇంకొకరు చీర పడేసినా ఊరుకునేది కాదు. అలాగని నోరు పారేసుకునేదీ కాదు. "సంఘంల పెడ్త" అనేది, అంతే. ఆ ఒక్క మాటతో మీసాలున్నవాళ్ళు కూడా దారికి వచ్చేవారు.

సంఘం అంటే సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి మరమగ్గాల మీద బతుకుతున్న మా నేతవాళ్ళ కులసంఘం. ఒక రేకుల హాలు, ఐదుగురు పెద్దమనుషులు. అక్కడ జరిమానా నామమాత్రం, అసలు శిక్ష వేరే ఉంది. తప్పు చేసినవాడు మెడలో తువ్వాల వేసుకుని, పదిమందిలో వంగి "తప్పైంది, మాఫ్ చేయుండ్రి" అనాలి. పెద్దలు "మాఫ్" అంటారు. ఇక ఆ సంగతి మళ్ళీ ఎవరూ తవ్వకూడదు. ఫిర్యాదు నిలవకపోతే, తెచ్చినవాళ్ళే ఆ మాట అనాలి. ఒకసారి బుచ్చవ్వ సొంత మొగుణ్ణే అక్కడ నిలబెట్టింది, తాగొచ్చి పక్కింటివాళ్ళ తలుపు పగలగొట్టాడని. ఆయన పోయి ఏళ్ళయినా మా గల్లీ ఆ కథ చెప్పుకుని ఇంకా నవ్వుతుంది.

ఆమె కొడుకు ఓంప్రకాష్ దగ్గర్లోని వడోద్‌లో ఒక శేఠ్ మగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. తను నడిపే మగ్గం షాక్ కొడుతోందని ఒకరోజు ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు అన్నం తింటూ తల్లితో అన్నాడు. షెడ్డులో పని చూసే మాస్టరుకు చెప్పకపోయావా అంటే, చెప్పాననీ, అయినా నడపమన్నాడనీ చెప్పాడు. మరునాడు ఆ మగ్గానికే అంటుకుని చనిపోయాడు. వాడికి పెళ్ళయి ఒక కూతురుంది.

ఆ మాస్టరు గంగారాం మావాడే, మా వెనక గల్లీలోనే ఉంటాడు. శవం ఇంటికి వచ్చిన రోజు వంటగది మూలలో బుచ్చవ్వ కాళ్ళ మీద పడ్డాడు. "నేనే నడుపుమన్న చిన్నమ్మా. శేఠ్ ఊకుంటలేడని నేనే నడుపుమన్న" అని భోరున ఏడ్చాడు. అక్కడ వాళ్ళిద్దరు తప్ప ఎవరూ లేరు, తర్వాత ఆమే నాకు చెప్పింది. ఆమె వాణ్ణి కొట్టలేదు, శపించలేదు. "నాకు గాదు కొడుకా, సంఘంల చెప్పు" అన్నది. వాడు తలూపాడు.

ఆ తలూపడం మీదే ఆమె ఆ తర్వాతి ఏళ్ళన్నీ గడిపింది. శేఠ్ వకీలు గంగారాంను పిలిచి నోరు విప్పితే జైలే అని భయపెట్టాడు. పరిహారం కేసు కోర్టుకెక్కింది. సంఘం పెద్ద దేవదాస్ చేతులెత్తేశాడు. "కోర్టుల ఉన్నదాన్ని మనం ముట్టద్దు వదినా. అది తేలనీ, అటెంక కూసుందాం" అన్నాడు.

నేను ఇక్కడే చదువుకున్నదాన్ని, గుజరాతీ వచ్చు. అందుకని ప్రతి వాయిదాకూ ఆమె వెంట వెళ్ళేదాన్ని. కోర్టు అంటే మన సంఘమే, కాకపోతే పెద్దది అనుకుంది ఆ పిచ్చితల్లి. బస్సు దిగుతూనే "ఇయ్యాల చెప్తడా బిడ్డా?" అని అడిగేది. గంగారాం చెప్పాడు, చెప్పకేం! బోనులో నిలబడి, తడి చేతులతో మగ్గం ముట్టొద్దని తానన్నా ఓంప్రకాష్ వినలేదని హిందీలో అప్పజెప్పాడు. అది ఆమెకు తెలుగులో నేనే చెప్పాల్సి వచ్చింది. చెప్పాక ఆమెకు కోపం కూడా రాలేదు. "వకీలు నేర్పిండు. కోర్టు అయిపోతె మళ్ళ మనిషైతడు" అన్నది.

ఉండబట్టలేక ఒకరోజు మా వకీలునే అడిగాను, తప్పైందని వీళ్ళు ఎప్పుడంటారు అని. ఆయన మంచివాడే, నవ్వాడు. పోయినదానికి పరిహారం ఇప్పించగలం గానీ, మనిషి చేత తప్పైందని అనిపించే సెక్షన్ తన పుస్తకాల్లో లేదన్నాడు. అదే బుచ్చవ్వకు చెప్పాను.

"మరి గింత పెద్ద బంగ్లా ఎందుకు కట్టిండ్రు?" అన్నది.



చివరికి రాజీ అయింది. తన వైపు ఏ తప్పూ లేకపోయినా మానవత్వంతో ఇస్తున్నానని శేఠ్ కాగితం మీద రాయించాడు. చదివి వినిపించాను. ఆమె వేలిముద్ర వేసింది. డబ్బు అక్కర్లేక కాదు, వచ్చినదంతా పుట్టింటికి వెళ్ళిపోయిన కోడలికీ మనవరాలికీ పంపింది. ఆ వారమే సంఘంలో ఫిర్యాదు పెట్టింది.

గంగారాంను ఎవరూ ఈడ్చుకురాలేదు, తనంతట తనే వచ్చాడు. భుజం మీద తువ్వాల ఉంది. అది చూసి బుచ్చవ్వ ముఖం తేటపడింది. ఇన్నాళ్ళకు ఈ ముసలిదానికి న్యాయం దొరుకుతుందని నేనూ సంబరపడ్డాను.

జరిగింది చెప్పమన్నాడు దేవదాస్. గంగారాం చెప్పడం మొదలుపెట్టాడు.

"తడి చేతులతోని ముట్టకురా అన్న. ఇప్పటికి గూడ నా కండ్ల ముంగటనే ఉన్నది. చెయ్యి వట్టి ఎనుకకు గుంజిన. ఇడిపిచ్చుకొని పోయిండు. నేనేం చేద్దు చిన్నమ్మా!"

చెయ్యి పట్టి గుంజిన మాట కోర్టులో కూడా లేదు. ఇది కొత్తది. ఎవరూ నేర్పలేదు, దానంతటదే మొలిచింది. అబద్ధమాడేవాళ్ళను నేను బాగానే పోల్చుకుంటాను. గంగారాం అబద్ధమాడటం లేదు. ప్రతి వాయిదాకు ముందూ వకీలు ఎదుట వల్లె వేసీ వేసీ, దాన్నే నిజంగా చూసినవాడైపోయాడు.

"నా కాళ్ళ మీద వడి, నేనే నడుపుమన్న అనలేదా కొడుకా?" అన్నది బుచ్చవ్వ.

"ఏడిసిన చిన్నమ్మా. గా మాట నేనెట్లంట?" అని వాడు మళ్ళీ ఏడ్చాడు. బిడ్డల మీద ఒట్టు పెట్టాడు. గొంతు ఎక్కడా తడబడలేదు.

నేను లేచి దేవదాస్ మీద అరిచాను. "ఒట్టువెడ్తె నిజమైతదా కాకా? ఓంప్రకాష్ ఇంట్ల చెప్పిండు గద, షాక్ కొడ్తున్నదని!"

"విన్నోళ్ళు ఎవలున్నరు బిడ్డా, తల్లి తప్ప?" అన్నాడు దేవదాస్. పెద్దలు గుసగుసలాడుకున్నారు. ఫిర్యాదు నిలవలేదన్నారు. అటుపైన ఏం జరగాలో హాల్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. దేవదాసే మెల్లగా, "కొడుకు వోయినదానివి. నువ్వు అనకున్నా నడుస్తది వదినా" అన్నాడు.

"ఎట్ల నడుస్తది? నన్నొక్కదాన్ని ఇడిసిపెడ్తె రేపు మీ మాట ఎవలింటరు?"

కొంగు మెడ చుట్టూ వేసుకుంది. వంగింది. "తప్పైంది, మాఫ్ చేయుండ్రి" అన్నది. దేవదాస్ పక్కనున్నాయన ఎవరో "మాఫ్" అన్నాడు.

దారి పొడుగునా ఆమెతో కొట్లాడాను. దుఃఖం, కోపం కలిసి ఏం మాట్లాడానో కూడా గుర్తులేదు. నిజమేదో తెలిసీ ఎట్లా వంగావని మాత్రం అడిగాను.

"నాకు నచ్చిననాడే ఒప్పుకుంటె అది నా ఇష్టం అయితది గాని న్యాయం ఎట్లయితది బిడ్డా?" అన్నది. ఆ న్యాయాన్ని, ఆ హాలును, ఆ బంగ్లాను కలిపి తగలబెట్టాలనిపించింది నాకు. ఇంటికి వెళ్ళి పడుకున్నాను.

మొన్న మా పక్క గదిలోకి కరుణ అనే కొత్త పెళ్ళికూతురు అద్దెకు దిగింది. ఊరి నుంచి కొత్తగా వచ్చింది, ఏమీ తెలియదు. బుచ్చవ్వ ఇంట్లో గోడ మీది ఫొటో చూసి, "మీ కొడుకా అవ్వా? ఏమైంది?" అని అడిగింది.

బుచ్చవ్వ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"తడి చేతులతోని మగ్గం ముట్టిండు. మాస్టరు వద్దనె అన్నడు. ఇనలే" అన్నది.

నేను పక్కనే కూర్చుని ఉన్నాను. సంఘం మాఫ్ అన్నాక, కాదని అనడానికి నాకు వీల్లేదు.