కొత్త మానిటర్ మీద పసుపు బొట్టు

ఆయన పోయిన తర్వాత మా ఇంట్లో మాట వినిపించేది ఒక్క చోటే, మా బిడ్డ గదిలో. నాతో మాట్లాడేది కాదు. హెడ్‌ఫోన్ పెట్టుకొని, కంప్యూటర్ ఆటలో తన జట్టు పిల్లలతో మాట్లాడేది. "ఎనకకు రా", "గోడ సాటున ఉన్నడు", "నేను సచ్చిన, నువ్వు సూస్కో". డిగ్రీ అయిపోయిన పిల్ల, ఇరవై రెండేళ్లు. నేను వంటింట్లో నిలబడి వినేదాన్ని. ఏమీ అర్థమయ్యేది కాదు. ఇంట్లో ఇంకో మనిషి ఉందని తెలిసేది, అంతే.

తర్వాత అదీ ఆగిపోయింది. పాత మానిటర్‌లో బొమ్మ అడ్డంగా చిరిగినట్టు వస్తోందట. మనిషి తల ఒక చోట, మొండెం ఒక చోట. తన వల్లే జట్టు ఓడిపోతోందని ఆడటం మానేసింది. ఆదివారం వాళ్లకు పోటీ ఉంది. "నా పేరు తీసెయ్యుమన్న" అని ఒక్క మాట చెప్పి గోడ వైపు తిరిగి పడుకుంది. కిష్టారెడ్డిపేటలో మేముండే రెండు గదుల్లో ఇక ఫ్యాను శబ్దమే మిగిలింది.

నేను గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తాను. శుక్రవారం సెలవు పెట్టి బిడ్డను పటాన్‌చెరుకు తీసుకుపోయాను. పెద్దగా ఆలోచించి చేసిన పని కాదు. ఆ నెలల్లో ఏ పనీ ఆలోచించి చేయలేదు. బస్సు వస్తే ఎక్కేదాన్ని, స్టేజీ వస్తే దిగేదాన్ని.

కంప్యూటర్ షాపతను వంపు తిరిగిన పెద్ద మానిటర్ చూపించాడు.

"అక్కా, గిది తీస్కోండ్రి. సినిమా హాల్ల కూసున్నట్టే ఉంటది."

బిడ్డ తల అడ్డంగా ఊపింది. "గది డెబ్బై అయిదు హెర్ట్జే. నాకు నూట అరవై అయిదు కావాలె. అడాప్టివ్ సింక్ ఉండాలె."

"గదేంది?" అన్నాను.

అతనే చెప్పాడు. "సెకండుకు తెర ఎన్నిసార్లు బొమ్మ మారుస్తదో గది హెర్ట్జ్ అక్కా. కంప్యూటర్ ఒకపారి జల్దీ పంపుతది, ఒకపారి లేటు చేస్తది. మామూలు తెర దానికోసం ఆగదు, సగం పాత బొమ్మ, సగం కొత్త బొమ్మ సూపెడ్తది. గీ సింక్ ఉన్నదైతే ఆగుతది."

నాకు కంపెనీలో సీసాలు మోసుకొచ్చే మా బెల్టు గుర్తొచ్చింది. బెల్టు తన వేగంలో తాను పోతే డబ్బాల్లో సగం సీసాలే పడతాయి. మా చేతులు చూసి బెల్టు నడిపించే సూపర్‌వైజర్ ఉన్న రోజు ఒక్క డబ్బా కూడా తిరిగి రాదు.

"ఆగేదే ఇయ్యి తమ్మీ" అన్నాను.

ఇరవై నాలుగు అంగుళాల నల్ల మానిటర్ తెచ్చాడు. పెట్టె మీద నూట అరవై అయిదు అంకె నేనే చదివాను. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. లేబుళ్ల కోసం తెలుగు తర్వాత ఇంగ్లీషు కూడా కూడబలుక్కున్నాను. ఇప్పటికీ అట్టపెట్టె కనబడితే నాలుగు వైపులా చదువుతాను.

"గీత పడ్డా, మరక పడ్డా వాపస్ తీస్కోము అక్కా. ముందే చెప్తున్న" అన్నాడతను.

ఇంటికొచ్చాక బిడ్డ స్టాండు బిగించి, పాత మానిటర్ వైరు పీకి కొత్తదానికి పెట్టింది. స్విచ్ వేయడానికి వంగింది. ఆలోపల నేను పసుపు తడిపి తెర కింది మూలన బొట్టు పెట్టాను, దాని మీద కుంకుమ అద్దాను. కంపెనీలోకి కొత్త మిషన్ వస్తే ఆడవాళ్లం అట్లాగే చేస్తాం. బొట్టు పెట్టనిదే స్విచ్ వేయనివ్వం.

"అమ్మా! తెర మీదనా? స్టాండుకు పెట్టరాదా?"

అని నా చేతి వైపు చూసింది. అప్పుడు నేనూ చూసుకున్నాను. వేలికి కుంకుమ ఉంది. ఆయన పోయిన పదకొండో రోజున మా ఆడబిడ్డ కుంకుమ భరిణెను పై అరలో, బియ్యం డబ్బా వెనక్కు నెట్టింది. ఎనిమిది నెలలుగా అది అక్కడే ఉంది. ఎప్పుడు తీశానో నాకు గుర్తు లేదు. భయం గానీ ఏడుపు గానీ రాలేదు. కొంగుకు వేలు తుడుచుకున్నాను.

బిడ్డ ఆట పెట్టింది. ఆటలోని గోడ మళ్లీ అడ్డంగా చిరిగింది. సెట్టింగుల్లోకి పోయి చూసింది.

"హెర్ట్జ్ అరవై కాడనే ఉంది. పైకి లేనేలేదు. మోసం చేసిండు."

"వాపస్ ఇచ్చొద్దాం పా."

"బొట్టు పెట్టినవ్ గద, ఎట్ల తీస్కుంటడు?"

తడిగుడ్డతో తుడిచాను. కుంకుమ పోయింది, పసుపు మరక ఉండిపోయింది.

"ఇడిసిపెట్టమ్మా. నేనాడ" అని మళ్లీ గోడ వైపు తిరిగింది.

ఖాళీ పెట్టె బయట పెడదామని లేచాను. కానీ మా లైన్లో, లోపలి కాగితంలో ఉన్నవన్నీ టిక్కు పెట్టనిదే ఏ పెట్టెనూ వదలం. చేతులకు అదే అలవాటు. కాగితం తీసి, పెన్సిల్ పట్టుకొని కూర్చున్నాను. స్టాండు ఉంది. స్క్రూలు ఉన్నాయి. కరెంటు వైరు ఉంది. నాలుగో వరుసలో పొడుగు మాట. కూడబలుక్కుంటే డిస్‌ప్లే పోర్ట్ కేబుల్ అని వచ్చింది. దానికి టిక్కు పెట్టడానికి ఎదురుగా ఏమీ లేదు. పెట్టె బోర్లించి తట్టాను. థర్మాకోల్ కింద అతుక్కున్న కవరు ఊడి పడింది. లోపల లావు వైరు.

"గిదేడ పెట్టాలె?"

బిడ్డ లేచి కూర్చుంది. "నేను సూడనే లేదు. పాత వైరే పెట్టిన. గందుకే అరవై దాటలే."

"మా లైన్ల గిట్ల చేస్తే మెమో ఇస్తరు నీకు."

నవ్వలేదు. వైరు మార్చింది. ఈసారి సెట్టింగుల్లో నూట అరవై అయిదు కనిపించింది. తర్వాత మానిటర్ వెనక బటన్ నొక్కితే తెర మీద జాబితా వచ్చింది. నేను ఒక్కో వరుసా చదువుతూ వచ్చాను.

"సింక్ అన్నకాడ ఆఫ్ అని ఉంది సూడు." ఆన్, ఆఫ్ నేను మొదట నేర్చిన ఇంగ్లీషు మాటలు.

ఆన్ చేసి ఆట పెట్టింది. మనిషి గోడ వెంట పరుగెత్తాడు. గోడ చిరగలేదు. బిడ్డ ఫోన్ తీసి ఎవరికో చేసింది. "నా పేరు తీసేసినవా? తియ్యకు."

ఆదివారం మధ్యాహ్నం పోటీ మొదలైంది. నేను పప్పు దగ్గర నిలబడ్డాను. "కుడి దిక్కు, కుడి దిక్కు! అరే, నీ కండ్లేడున్నయే?" అని గదిలోంచి అరుపులు. చేతిలో ఉప్పు ఉంది. ఎంతసేపు అట్లా నిలబడ్డానో తెలియదు.

మధ్యలో వచ్చి పళ్లెం తీసుకుంది. ఎనిమిది నెలలుగా ఇద్దరం ఏది ఉంటే అది తిన్నాం, బాగుందనీ బాగలేదనీ అనుకోలేదు. మొదటి ముద్దకే ఆగింది.

"ఏంది గిదమ్మా, ఉప్పు రెండుసార్లు ఏసినవా?"

"గెలిచిండ్రా?"

"ఇంకో మ్యాచ్ ఉంది. జెర పెరుగెయ్యి, జల్దీ."

పెరుగు వేశాను. పళ్లెం పట్టుకొని గదిలోకి పోయింది. తెర మూలన పసుపు మరక ఇంకా అట్లాగే ఉంది. నేనూ ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నాకు ఉప్పు తెలియలేదు. బిడ్డ మాట నమ్మి, పప్పులో నీళ్లు పోసి మళ్లీ పొయ్యి మీద పెట్టాను.