రాకేశుకు తీసిన శోకం

బెల్లంపల్లిలో ఏ ఇంట్లో మనిషి పోయినా ముందు కనకవ్వకే కబురొస్తుంది. శోకం తీయడంలో ఆ బజారులో ఆమెకు సాటి లేరు. ఊరికే గుండెలు బాదుకుంటే అది శోకం కాదంటుంది. పోయినవాడు ఏ కూర ఇష్టంగా తినేవాడు, ఎవరి మీద అలిగేవాడు, తల్లి ఏమని పిలిచేది, అన్నీ ఆరా తీసి రాగంలో పెట్టి ఎత్తుకుంటుంది. ఆ అలవాటుతో బతికున్నవాళ్లనూ వదలదు. బస్సులో పక్కన కూర్చున్న మనిషి దిగేలోపు వాళ్లింటి గుట్టంతా ఈమె కొంగున ఉంటుంది.

అలాంటి కనకవ్వ ఇంట్లోనే దొంగ పడ్డాడు. తలుపు తీయలేదు, గోడ దూకలేదు.

కోడలు కోమల ఫోన్‌లో ఆకుపచ్చ చీరకు ఆర్డరు పెట్టింది. చీర రాకముందే ఫోనొచ్చింది. "కోమల గారూ, అడ్రస్ సరిగ్గా లేక మీ పార్సిల్ ఆగింది. మేం పంపిన లింకు నొక్కి చిన్న చార్జీ కట్టండి" అన్నాడొకడు. చీర రంగు కూడా చెప్పాడు. ఆమె నొక్కింది. మగడు సంపత్ దుబాయి ఎండలో మాడి పంపిందంతా ఊడ్చుకుపోయింది. సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించారు, బ్యాంకుకు పరుగెత్తారు. ఆ రోజు నుంచి కోమల కంచం ముందు కూర్చోవడమే తప్ప ముద్ద మింగలేదు.

"ఎట్ల నమ్మినవే పిల్లా?"

"గారు అన్నడు అత్తమ్మా. నన్ను ఈ ఊళ్లె ఎవలన్న గారు అంటరా?"

కనకవ్వ పళ్లు కొరికింది. "మన పార్సిలు పిలగాడు ఏమంటడు? 'ఓ కోమలక్కా, జర కుక్కను కట్టెయ్' అని గల్లీ అంత వినవడేటట్టు ఒర్రుతడు. గారు అన్నడంటేనే వాడు మన వాకిట్ల కాలు వెట్టనోడు. గా ముండకొడుకు నా చేతికి చిక్కాలె!"

చిక్కాడు. ఒకనాడు కోమల ఫోను పట్టుకుని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"అత్తమ్మా, పైసలు వాపస్ ఇస్తరట! పిన్ కొట్టుమంటున్నడు."

"గదే గొంతా?"

"గదే... అయినా ఒక్కసారి కొడ్త అత్తమ్మా. వస్తయేమో."

ఉన్న కాస్తా పోగొట్టుకునే ఆశ అది. కనకవ్వ ఫోను లాక్కుని, మైకు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. "పిచ్చిదానా, ఇచ్చెటోడు కొట్టాలె పిన్. తీసుకునేటోళ్లకు పిన్ ఎందుకే?"

ఆపైన గొంతులో తేనె పోసుకుంది.

"బిడ్డా, నేను కోమల అత్తను. పిన్ నాకే ఎరుక. ముందుగాల నీ పేరేంది?"

"రాకేష్ అండీ. త్వరగా పిన్ చెప్పండి అమ్మా."

"చెప్త, చెప్త. తిన్నవా? ఏం కూర ఇష్టం నీకు?"

"గుత్తి వంకాయ అండీ. పిన్..."

"మీ అవ్వ బాగ వండుతదా? ఆమె పేరేంది?"

"రత్నమాల."

ఆ పేరు తడుముకోకుండా వచ్చింది. కనకవ్వకు అది చాలు. స్పీకరు పెట్టి, కొంగు నెత్తిన వేసుకుని, గోడకు చేరగిలబడి ఎత్తుకుంది.

"ఓ కొడుకా రాకేశా... గుత్తి వంకాయ కంచంల ఉండంగనే ఎట్ల పోతివి కొడుకా... రత్నమాల కడుపుల చిచ్చు వెట్టి ఏ కాట్లె పండితివి కొడుకా... నిన్ను మొయ్యనీకె నలుగురు గూడ రాకపాయె కొడుకా..."

"ఏంటమ్మా ఇది? నేను బతికే ఉన్నాను!"

"కాకి గూడ ముట్టకపాయె నీ పిండం, రత్నమాల కొడుకా..."

"అండీ, మా అమ్మ పేరు తీయకండి!"

కనకవ్వ రాగం ఆపింది. "నా కోడలి నోట్ల మన్ను గొట్టినప్పుడు యాదికి రాలేదార మీ అవ్వ?"

వాడు బదులిచ్చేలోపు పక్కనుంచి మరో గొంతు లేచింది. కోమల. ఎన్నడూ శోకం తీయని పిల్ల, కళ్లెర్రజేసి, ఫోను దగ్గరికి వంగి ఎత్తుకుంది.

"అయ్యో రాకేశు గారూ... పోయిండ్రా గారూ... మీ చితికి నా ఆకుపచ్చ చీర కప్పాల్నా గారూ..."

ఫోను కట్టయింది.

ఏడుపు విని ఎదురింటి వినోద గుండె పట్టుకుని ఉరికొచ్చింది. "ఎవలు పోయిండ్రు కనకవ్వా?"

"పార్సిలు దొంగ పోయిండు వదినా, నువ్వు కూసో" అంది కోమల. కంచం ముందుకు లాక్కుని అన్నం కలుపుతూ అత్త వైపు చూసింది. "మళ్ల చేస్తడా అత్తమ్మా? చేస్తే మంచిగుండు. ఇంక దినాలు చెయ్యలే వానికి."