లక్క కింద నీటిచుక్క

వానాకాలం వచ్చిందంటే మా ముందుగది నిండా అద్దాలు మసకబారిన మీటర్లే. ఛత్రినాకలో ఆ గదే మా ఆయన దుకాణం. పాత ట్రాక్టర్ల మీటర్లు విప్పి, తేమ ఆరబెట్టి, మళ్లీ బిగించడం ఆయన పని. అద్దం కింద వేసే రబ్బరు రింగులు పాత సైకిల్ ట్యూబుల్లోంచి కత్తిరించడం నా పని. ఆయన చేతిలో పనితనం ఎంత ఉందో, బుర్రలో మొండితనం అంతకు రెట్టింపు. డెబ్బైల చివరి మాట ఇది.

ఒక పొద్దున శంషాబాద్ వైపు నుంచి ఒక ముసలి రైతు ఇంజన్ చప్పుడు వింటూ, మెల్లగా ట్రాక్టరు నడుపుకుంటూ మా గల్లీకి వచ్చాడు. ఇంజన్‌లో నూనె సరిగ్గా తిరుగుతోందో లేదో చెప్పే మీటరు ఆయనది. కొన్ని రోజుల కిందటే మా ఆయన దాన్ని బాగుచేశాడు. అప్పుడు మీటరు అడుగున సూదిమొనంత బెజ్జం కనిపిస్తే, నీళ్లు ఇందులోంచే దూరుతున్నాయని, చార్మినార్ దగ్గర గాజులవాళ్ల నుంచి లక్క తెచ్చి మూసేశాడు. గాజుకు పెట్టినంత నున్నగా పెట్టానని మురిసిపోయాడు కూడా. ఇప్పుడు ట్రాక్టరు మీంచి ఊడదీసి చూస్తే అద్దం లోపల ఆవిరి పట్టి మునుపటికంటే తెల్లగా ఉంది.

"ముల్లు కనబడ్తలేదు బిడ్డా," అన్నాడు రైతు. "పోయినేడు గిట్లనే కనబడక ఇంజన్ పట్టేసింది. ఎడ్లనమ్మి బాగుచేయించిన. ఇగ అమ్మేటందుకు నా తాన ఏమున్నది? నిన్న మంచి వాన వడ్డది. పదును ఆరకముందే దున్నాలె."

"చీమ గూడ దూరకుండ బంద్ చేసిన బాపూ! నీళ్లెట్ల వచ్చినయ్?" మా ఆయన మీటరును దొంగను అడిగినట్టు అడిగాడు. మళ్లీ విప్పుదామంటే అద్దం చుట్టూ ఉన్న రేకు అప్పటికే పలచబడింది. ఈసారి చిట్లితే ఇక మీటరే లేదు. రైతు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

మా ఆయన చేతిలోంచి మీటరు లాక్కున్నాను. కుంపట్లో నిప్పులు తీసేసి, గోరువెచ్చని బూడిద మీద పెనం పెట్టి, దానిమీద గుడ్డ పరిచి మీటరు పెట్టాను. వేడెక్కాక ట్రాక్టరు మీద ఉన్నట్టే నిలబెట్టి పట్టుకున్నాను. తెల్లదనం విరిగి చుక్కలయింది. చుక్కలన్నీ జారి అడుగున ఒకేచోట చేరాయి. సరిగ్గా లక్క ఉన్నచోటే.

"ఏమయ్యా, అది నీళ్లొచ్చే తొవ్వ కాదు. పోయే తొవ్వ!" అన్నాను.

ఆయన మీటరు అందుకున్నాడు. సూది కాల్చి లక్కలో గుచ్చాడు. ఒక చుక్క బయటికొచ్చింది, దాని వెనకే ఇంకొకటి. మీటరును మళ్లీ వెచ్చని పెనం మీద ఉంచితే అద్దం అంచుల నుంచి మధ్యకు తేటపడుతూ వచ్చి, ముల్లు బయటపడింది. ఎక్కడో ఎవరో, ఈ మీటరు చేసినవాడు, మేము ఎన్నడూ చూడని మనిషి, ఎంత బిగించినా తేమ రాక మానదని ఒప్పుకుని, అది వెళ్లిపోవడానికి ముందే దారి ఉంచాడు. ఇంత చిన్న బెజ్జంలో అంత ఆలోచన!

మీటరు బిగించాక రైతు ఇంజన్ స్టార్ట్ చేశాడు. ముల్లు వణికి, లేచి, నిలబడింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"జర చాయ్ తాగిపో బాపూ," అన్నాను. దిగలేదు. దిగాలంటే ఇంజన్ ఆపాలి, ఆపితే ముల్లు పడిపోతుంది. అది పడిపోవడం చూడలేక కాబోలు, తల మాత్రం ఊపి, కళ్లు దాని మీదే ఉంచి, అటునుంచి అటే పొలానికి వెళ్లిపోయాడు.