గైడు తాగిన జావ

ఫోనులో నాలుగు వీడియోలు చూస్తే ఊరు తెలిసిపోయినట్టే అనుకునే వయసది. బందరులో ఒక ట్రావెల్స్ ఆఫీసులో కొత్తగా చేరిన నన్ను, పాస్‌పోర్టు ఉంది కదా అని (నా అర్హత అంతా అదే), పన్నెండు మందికి గైడుగా బ్యాంకాక్ పంపారు. ఓనరు గారు ఒక్కటే షరతు పెట్టారు: ఎవరికీ కడుపు పాడవకూడదు, పాడైతే నా ఉద్యోగం ఉండదు. అంతకుముందు వెళ్లినవాళ్లు రోడ్డు మీద ఏదో తిని మంచమెక్కారట. అందుకని బస్సు మైకులో గుళ్ల చరిత్ర కంటే వీధి తిండి ప్రమాదాలే ఎక్కువ చెప్పాను. చరిత్ర నాకు రాదనేది వేరే సంగతి.

అందరూ బుద్ధిగా హోటల్ అన్నంతో, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోరతో సరిపెట్టుకున్నారు, చిలకలపూడి మావయ్య తప్ప. (నాకు చుట్టమేమీ కాదు, రోల్డుగోల్డు నగలకు పూత వేసే ఆయన్ని బస్సులో అందరూ అలాగే పిలిచేవారు.) బంగారు గోపురం ముందు మేం ఫోటోలు దిగుతుంటే, ఆయన దాన్ని ఒక్క చూపు చూసి, పూత బాగుందని చెప్పి రోడ్డు దాటేశారు. అక్కడ తోపుడుబండి ఆవిడ గిన్నెలు కడగడం పావుగంట సేపు చూసి, అప్పుడు కూర్చుని తిన్నారు. నేను పరుగెత్తుకెళ్లి, నా ఉద్యోగం పోతుందండీ అని బతిమాలాను.

"సరిగ్గా కడక్కపోతే పూత పట్టదయ్యా. నలభై ఏళ్ల నుంచి కడుగుతున్నాను, కడిగే చెయ్యి నాకు తెలీదా?" అన్నారు.

మర్నాటికి మిగతా పదకొండు మందీ ఆయన వెనకే నడిచారు. షరతు నిలబెట్టడానికి నేనొక్కణ్ణే మిగిలాను. వాళ్లు వదిలేసిన మూడు రోజుల నాటి పులిహోరని నిష్ఠగా తిన్నాను.

తెల్లారేసరికి మంచం దిగలేకపోయాను. ఆ పూట అందరినీ ఊరంతా తిప్పింది మావయ్యే. తిరిగొస్తూ ఆ బండి మీద కాచిన బియ్యపు జావ పట్టుకొచ్చి, దగ్గరుండి తాగించారు. సిగ్గుతోనో నీరసంతోనో నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఓనరు గారితో అనకండి అన్నాను. నేనెందుకంటానయ్యా అన్నారు.

అనలేదు. బందరు వచ్చాక, అభిప్రాయం రాయమని ఆఫీసువాళ్లిచ్చిన కాగితం మీద రాశారు: "మాలో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. కుర్రాడు కొత్త, అన్నీ మేమే దగ్గరుండి చూపించాం. మళ్లీ పంపండి."

ఓనరు గారు అది రెండుసార్లు చదివి, నా వైపొకసారి చూసి, తర్వాతి ట్రిప్పు టికెట్లు నా చేతిలో పెట్టారు. అప్పట్నుంచీ ఎంతోమందికి ఎన్నో ఊళ్లు చూపిస్తూనే ఉన్నాను. నాకు ఊరు చూపించి, జావ తాగించి తీసుకొచ్చినవాళ్లు మాత్రం మళ్లీ దొరకలేదు.