బ్యాగు ఎండిపోయిందని సంతోషపడినాము

పిండి గిన్నె ఎత్తబోతే కడుపులో కుడిపక్క పట్టేసినట్టు అయింది. నెల్లితోపులో ఇంటి ముందర ఇడ్లీలు అమ్ముకునేదాన్ని నేను. ఆయన పోయినంక అదే నా బతుకు. గ్యాస్ అనుకొని వాము నీళ్ళు తాగి ఆ పూట యాపారం చేసినా. మర్నాటికి నిలబడలేకపోయినా. మా ఆయన అక్క, మా వదిన, ఆటోలో పెద్దాసుపత్రికి తీసకపోయింది. స్కాన్ తీసినారు. అపెండిక్స్ పగిలి కడుపంతా చీము అని అప్పుడే ఆపరేషన్ చేసినారు.

కళ్ళు తెరిస్తే కడుపు పక్కనుంచి ఒక ట్యూబు, దాని కొసన బ్యాగు.

"అది డ్రెయిన్ అమ్మా. లోపలి చెడు నీళ్ళు దాంట్లోకి దిగాల. బ్యాగు ఎప్పుడూ కడుపుకన్నా కిందే ఉండాల" అని నర్సమ్మ చెప్పింది. కొన్నాళ్ళకు దాంతోటే ఇంటికి పంపినారు.

ఇంట్లో నైటీ వేసుకొని, బ్యాగు కిందికి ఏలాడేసుకొని బాగానే ఉండాను. అంతలో మా ఆయన చిన్నాయన చూడను వస్తా ఉండాడని కబురు. మామ వరస. ఆయన ముందర నైటీతో ఎట్లా కూచునేది? వదిన చీర కట్టింది. పావడ బొందు ట్యూబు మీదనే బిగించి, బ్యాగును నడుముకాడ దోపింది. మామ ఇంటికి పోయినా, ఒకరెనక ఒకరు పలకరించను వస్తానే ఉండారు. చీర విప్పనే లేదు. తెల్లారి చూస్తే బ్యాగులో చుక్క లేదు.

"నీళ్ళు ఎండిపోయినాయి, ఇంక ట్యూబు తీసేస్తారు" అని వదిన దేవుడికి కర్పూరం ముట్టించింది. నాకూ సంతోషమే.

రెండు పొద్దులకే చలిజ్వరం. కుట్లకాడ ఎర్రగా ఉబ్బి, వాసన.

ఆసుపత్రిలో డాక్టరు ట్యూబు మడత చూసి, "ఇది ఎవరు మడిచింది?" అన్నాడు. వదిన తల దించుకునింది.

"చీర మడిచింది సార్" అన్నా.

ఆయన నవ్వలేదు. "లోపల చీము నిలిచి కలెక్షన్ అయింది, గాయానికి ఇన్ఫెక్షన్. కొన్ని కుట్లు విప్పి చీము తీస్తాను. జ్వరం దిగకపోతే మళ్ళీ కడుపు తెరవాల. నీ ఒళ్ళు తట్టుకుంటాదో లేదో చెప్పలేను."

నేను ఏడవలేదు. ఇంకోసారి ఆ టేబుల్ ఎక్కేది లేదని గట్టిగా అనుకున్నా. గాయం కడిగి లోపలికి గాజుగుడ్డ కుక్కతా ఉంటే మంచం కమ్మి పట్టుకొని పండ్లు కరుచుకున్నా. నడవమంటే నడిచినా. గుడ్డు తినమన్నారు. తింటే చీము పడతాదని వదిన గోల.

"నువ్వు గమ్మునుండు వదినా, ఇంక డాక్టరు చెప్పిందే."

"నేనేమన్నా నీకు చెడ్డ చేస్తానా?" అని మొకం తిప్పుకునింది. అయినా సాయంత్రం గుడ్డు ఉడకేసి తెచ్చింది.

ట్యూబులో మళ్ళీ నీళ్ళు దిగినాయి. జ్వరం నిదానంగా తగ్గింది. కడుపు తెరిచే పని పడలేదు.

ఈసారి ఇంటికి వచ్చినాక మెట్ల మీద నైటీతోనే కూచున్నా, బ్యాగు కిందికి వదిలి.

"ఏందక్కా, అట్లా అందరికీ కనబడేటట్టు?" అనింది ఎదురింటామె.

"కనబడనీ. కారతా ఉంది కదా, అది చాలు."

ట్యూబు తీసేసినా, విప్పిన గాయం పూడను చానా దినాలు పట్టింది. ఇప్పుడు కడుపుకు బెల్టు కట్టుకొని ఇడ్లీలు పోస్తా ఉండాను. నీళ్ళ బిందె మాత్రం వదినే ఎత్తతాది, సణుక్కుంటానే.

నాకు రాసేది రాదు, నోటితో చెప్తా ఉండా. డ్రెయిన్‌తో ఇంటికి వచ్చినోళ్ళు ఎవరొచ్చినా దాన్ని దాచొద్దు, దాని మీద గుడ్డ బిగించొద్దు. కారేది ఒక్కసారిగా నిలిచిపోతే మేలయిందనుకోకుండా ఆ పొద్దే ఆసుపత్రికి పోండి. చూడను వచ్చినోళ్ళు కాపీ తాగి వాళ్ళిండ్లకు పోతారు. కడుపు మనది.