నడవని నిచ్చెన

సోమవారం నుంచి పనికి పోతానన్నాడు పెయింటరు. ఆ మాట విన్న దగ్గర్నుంచి అతని పెళ్లాం కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోంది. మామూలుగానే ఆమెకి కుదురు తక్కువ. వీధిలో అందరూ బొంగరం అని పిలుస్తారు, ఆమె కూడా ఆ పేరుకే పలుకుతుంది. గోడలకి లప్పం పెట్టడం, గరుకు కాగితంతో రుద్దడం, రంగులు కలపడం, ఇలా నేల మీద నిలబడి చేసే పనంతా ఆమెది. నిచ్చెన ఎక్కి చేసేదంతా మొగుడిది.

ఆ మొగుడే కిందటి వానాకాలం నిచ్చెన మీద నుంచి పడ్డాడు.

ఎందుకు పడ్డాడంటే, అదో జబ్బు. రంగులేసేవాళ్లందరికీ ఉన్న జబ్బే. మడత నిచ్చెన పైన అటో కాలు ఇటో కాలు వేసుకుని కూర్చుంటారు. చెయ్యి అందినంత మేర గోడ అయిపోతే ఏం చెయ్యాలి? దిగాలి, నిచ్చెన జరపాలి, మళ్లీ ఎక్కాలి. దిగరుగా. పైనే కూర్చుని నడుము ఊపుతూ నిచ్చెనని నడిపిస్తారు. అది టకటకమంటూ గోడ వెంబడి పోతుంది. దిగి జరిపేవాడు కనిపిస్తే చాలు, ఏంటి, పని నేర్చుకోడానికొచ్చావా అని ఏడిపిస్తారు. పెయింటరు ఈ విద్యలో ఘనుడు. గది చుట్టూ నడిపించి, తలుపు దగ్గర మలుపు కూడా తిప్పేవాడు. "దిగి జరుపయ్యా" అని ఆమె కింద నుంచి మొత్తుకుంటే ఈల వేసేవాడు. ఒకరోజు నిచ్చెన కాళ్లని కలిపి కట్టిన తాడు తెగింది. ఆమె కళ్లెదుటే నిచ్చెన కాళ్లు రెండు వైపులా బార్లా జారిపోయాయి. అతని మోకాలి చిప్ప పగిలింది.

మోకాలు అతుక్కుంది గానీ మనిషికి బుద్ధి రాలేదు. "పాత నిచ్చెనకి కొత్త తాడు కడితే సరిపోద్ది" అన్నాడు. అన్న పూటే ఆమె ఆ నిచ్చెనని గొడ్డలి తీసుకుని నరికి, ముక్కలు పెరట్లో పేర్చేసింది. అయినా ఏం లాభం? వద్దంటే వినే రకం కాదు, ఎవరి దగ్గరో ఓ డొక్కుది అరువు తెచ్చుకుని మరీ ఎక్కుతాడు. ఎక్కకుండా ఆపడం ఆమె వల్ల కాదు. ఎక్కేది ఏదో మాత్రం తనే చూసి తేవాలి. ఈసారి పడితే మోకాలితో పోదు.

ఇనుప సామాన్ల కొట్టులో ఆమె కాలు నిలవలేదు. నిచ్చెన నుంచి నిచ్చెనకి తిరుగుతూనే ఉంది.

"ఇది చూడండమ్మా, చాలా తేలిక. ఒంటి చేత్తో ఎత్తొచ్చు" అన్నాడు కొట్టాయన.

"తేలికది నాకెందుకన్నా, బరువుది చూపించు."

"అందరూ తేలికదే అడుగుతారు."

"వాళ్ల మొగుళ్లు మంచోళ్లయ్యుంటారు."

మెట్టు కింద వేలు పెట్టి బిగింపులు తడిమింది. కాళ్ల రబ్బరు గోటితో గీకింది. "ఇది అతికించారా, మరతో బిగించారా? అతికించిందైతే నీళ్లు తగలగానే ఊడుతుంది" అంది. ఎంత బరువు మోస్తుందో ఆయన చెప్పబోతే, "మనిషితో పాటు రంగు డబ్బా కూడా వేసి చెప్పు" అంది. చివరికి కొంగు బిగించి తనే ఎక్కింది. పై మెట్టు పట్టుకుని నడుము ఊపింది. ఆ నిచ్చెన బుద్ధిగా నడుచుకుంటూ బకెట్ల వరస దాకా వెళ్లింది. కొట్టాయనకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"అమ్మా, మీకు దండం పెడతా, దిగండి."

"నడిచింది. వద్దు."

ఇంకోటి ఎక్కింది. అదీ మూలుగుతూనే నడిచింది. ఆఖరికి కొట్టు వెనకాల దుమ్ము పట్టి ఉన్నదొకటి కనిపించింది. వెడల్పు కాళ్లు, తెరవగానే వాటంతటవే బిగుసుకునే ఇనుప గడియలు, పైన నిలబడటానికి చిన్న అరుగు, దాని చుట్టూ నడుమెత్తు కమ్మీ. మోయలేక ఎవరూ కొనట్లేదన్నాడు కొట్టాయన. ఆమె ఎక్కి, కమ్మీ పట్టుకుని, ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి ఊపింది. అది ఇంచు కూడా కదల్లేదు. "ఇదే" అంది.

"ఏనుగుని తోలుకొచ్చావేంటే" అన్నాడు పెయింటరు. ముందు మనింటి గోడ మీద చూడు, తర్వాత ఊళ్లోవాళ్ల గోడలు చూద్దువుగాని అందామె. అతను కుంటుకుంటూ ఎక్కాడు. చెయ్యి అందినంత మేర రంగు వేశాడు. తర్వాత అతని నడుము దానంతటదే ఊగింది. ఆమె చూస్తూనే ఉంది. నిచ్చెన కదల్లేదు. మళ్లీ ఊపాడు.

"ఇది నడవదే."

"నడవదనే తెచ్చా."

తిట్టకుండా దిగాడు. నిచ్చెన జరిపి మళ్లీ ఎక్కాడు. ఇంకోసారి దిగి జరిపేసరికి మొహమంతా చెమట పట్టింది. ఆ తర్వాత ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలోనే మెట్టు మీద కూలబడి, రెండు చేతులతో మోకాలు పట్టుకుని పళ్లు బిగించాడు.

అప్పుడు అర్థమైంది బొంగరానికి. రబ్బరు చూసింది, బిగింపులు చూసింది, గడియలు చూసింది, అతని మోకాలు చూడలేదు. ఒకసారి పైకెక్కితే నిచ్చెన నడిపించుకుంటూ సాయంత్రం దాకా దిగక్కర్లేదనే ఆ కాలితో పనికి పోతానన్నాడు. అంత తిరిగి, అంత గీకి, ఆమె తెచ్చింది అతను ఎక్కలేని నిచ్చెన.

"ఇంక నా వల్ల కాదే" అన్నాడతను మెల్లిగా.

అతను నిచ్చెన ఎక్కకూడదనే ఆమె కోరుకుంది. తీరా ఆ మాట అతని నోట వినేసరికి ఏడుపొచ్చింది. ఏడుస్తూ నిలబడటం ఆమెకి చేతకాదు. "లే, అడ్డం లే" అని అతన్ని కిందికి దింపి, కుంచె అందుకుని ఎక్కేసింది.

నేల మీద నిలబడి రుద్దే గోడ వేరు, పైనుంచి రంగేసే ఈ గోడ వేరు. మొదట చెయ్యి తడబడింది, కాసేపటికి దారికొచ్చింది. మూలన ఇంకాస్త మిగిలింది. కుంచె కొన మాత్రమే ఆనుతోంది. కమ్మీ మీదికి వంగింది, ఒక మడమ లేచింది.

"అంత వంగకే" అన్నాడు కింద నుంచి.

"అందుతుందిలే."

"ఒసే, దిగి జరుపు."

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్లూ తను అరిచిన మాటే అది. ఈల వేద్దామనుకుని కిందికి చూసింది. కదలని ఆ నిచ్చెనని అతను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉన్నాడు. ఆమె దిగి, నిచ్చెన జరిపి, మళ్లీ ఎక్కింది.